సరిహద్దు దాటిన సొమ్ము తిరిగొచ్చే దారి: సూరత్ కేసులు చెప్పే సంగతులు

2025 ఫిబ్రవరి 11, 15 తేదీల్లో ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ అహ్మదాబాద్ కార్యాలయం అధికారులు సోదాలు చేశారు. దొరికిన నగదు 13 లక్షల 50 వేల రూపాయలు. దాంతోపాటు ఒక లెక్సస్ కారు, కొన్ని డిజిటల్ పరికరాలు. ఇంతవరకే చదివితే ఓ మోస్తరు వ్యాపారి ఇంట్లో సోదాలు జరిగాయేమో అనిపిస్తుంది. అసలు జప్తు వేరే ఉంది. ఆ రెండు రోజుల్లో ఈడీ చేతికొచ్చిన క్రిప్టో కరెన్సీ విలువ 1,646 కోట్ల రూపాయలు. అప్పటికి మన దేశంలో జరిగిన క్రిప్టో జప్తుల్లో అదే అతి పెద్దదని వార్తలొచ్చాయి. ఇదే కేసులో అంతకుముందే సుమారు 489 కోట్ల రూపాయల ఆస్తులు జప్తులో ఉన్నాయి.

ఆ కేసు పేరు బిట్‌కనెక్ట్. దాని మూలం సూరత్. సీఐడీ క్రైమ్ పోలీసులు సూరత్‌లో నమోదు చేసిన ఎఫ్ఐఆర్‌లే ఈడీ దర్యాప్తుకు ఆధారం. డబ్బు పోగొట్టుకున్నవాళ్లు మాత్రం ప్రపంచమంతా ఉన్నారు.

నేరం చేసి సంపాదించిన సొమ్ము దేశం దాటిపోయిందంటే 'ఇక వచ్చినట్టే' అని పెదవి విరవడం మనకు అలవాటు. నిజానికి కొంత వస్తోంది. ఎంత వస్తుంది, ఎవరికి వస్తుంది, ఎన్నేళ్లకు వస్తుంది అన్నవి మాత్రం చాలావరకు కాగితాల మీద ఆధారపడి ఉన్నాయి. ఆ కాగితాల్లో కొన్ని మన శాఖల్లోనే పుడతాయి. అందుకే ఈ వ్యాసం.

రోజుకు ఒక శాతం

బిట్‌కనెక్ట్ 2016 చివర్లో మొదలైంది. మీ దగ్గరున్న బిట్‌కాయిన్లు మాకివ్వండి, బదులుగా మా సొంత కాయిన్ ఇస్తాం, దాన్ని మాకే అప్పుగా ఇవ్వండి, మా దగ్గరున్న 'ట్రేడింగ్ బాట్' అనే సాఫ్ట్‌వేర్ మార్కెట్ ఎగుడుదిగుళ్ల మీద లాభాలు తీసి మీకు పంచుతుంది అన్నారు. నెలకు 40 శాతం దాకా రాబడి అని ఊరించారు. వెబ్‌సైట్‌లో చూపించిన అంకెలు సగటున రోజుకు 1 శాతం, అంటే చక్రవడ్డీతో ఏడాదికి సుమారు 3,700 శాతం. మన దగ్గర ఏడు శాతం ఫిక్స్‌డ్ డిపాజిట్‌కు పదిసార్లు ఆలోచించే మనుషులే ఇలాంటిచోట ఆలోచించకుండా పెడతారు. ఈ రహస్యం నాకు ముప్పై ఏళ్ల ఉద్యోగంలో అర్థం కాలేదు.

అమెరికా న్యాయశాఖ చెప్పేదాని ప్రకారం బాటూ లేదు, వ్యాపారమూ లేదు. కొత్తగా చేరినవాళ్ల డబ్బుతో పాతవాళ్లకు చెల్లించారు. మన ఊళ్లలో చిట్టీల పేరుతో, గొలుసుకట్టు పథకాల పేరుతో చూసిన పాత మోసమే. 2018 జనవరి మొదట్లో టెక్సాస్, నార్త్ కరోలినా రాష్ట్రాల నియంత్రణ సంస్థలు ఆపమని ఉత్తర్వులిచ్చాయి. అదే నెల 16న సంస్థ అప్పు పథకం మూసేసింది. కాయిన్ ధర కుప్పకూలింది. మొత్తం మోసం విలువ 240 కోట్ల డాలర్లని అమెరికా అభియోగం. సంస్థ వ్యవస్థాపకుడు సతీష్ కుంభానీ మీద 2022 ఫిబ్రవరిలో శాన్ డియాగోలో అభియోగాలు నమోదయ్యాయి. అతను భారత్ విడిచి ఏదో తెలియని దేశానికి వెళ్లి ఉండొచ్చని అమెరికా స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ అదే నెలలో కోర్టుకు చెప్పింది.

మనిషి దొరక్కపోతే డబ్బు దొరకదా? ఈ కేసులో రెండు దేశాలు రెండు మూటలు పట్టుకున్నాయి.

మొదటిది అమెరికా మూట. అక్కడ ప్రచారానికి పెద్దగా వ్యవహరించిన గ్లెన్ ఆర్కారో 2021 సెప్టెంబరులో నేరం ఒప్పుకున్నాడు. అతని దగ్గర స్వాధీనం చేసుకున్న క్రిప్టో 5.6 కోట్ల డాలర్ల విలువైంది. బాధితుల కోసం దాన్ని అమ్మడానికి కోర్టు అనుమతిచ్చింది. 2022 సెప్టెంబరులో అతనికి 38 నెలల జైలు శిక్ష పడింది. 2023 జనవరిలో 1.7 కోట్ల డాలర్లను సుమారు 800 మంది బాధితులకు చెల్లించాలని కోర్టు ఆదేశించింది. వాళ్లు 40కి పైగా దేశాలవాళ్లు. అమెరికా ప్రభుత్వం పట్టుకున్న సొమ్ములో అమెరికా పౌరులకు మాత్రమే వాటా అనలేదు. నష్టపోయింది ఎవరు, ఎంత అన్నదే చూశారు.

ఇక్కడ అంకెలు కాస్త పక్కపక్కన పెట్టుకోండి. మోసం 240 కోట్ల డాలర్లు. కోర్టు పంచమన్నది 1.7 కోట్లు. అందుకున్నది 800 మంది.

రెండో మూట మన ఈడీది. పైన చెప్పిన 1,646 కోట్లు. అది ఎవరికి, ఎలా చేరుతుందన్నదే ఇకముందు తేలాల్సిన విషయం.

దొంగ సొమ్ముకు దొంగలు

క్రిప్టోకు సరిహద్దు లేదు కాబట్టి జాడ ఉండదని చాలామంది అనుకుంటారు. తప్పు. బ్లాక్‌చెయిన్‌లో జరిగిన ప్రతి బదిలీ ఎప్పటికీ చెరగకుండా ఉంటుంది. పేరు ఉండదు, అంతే. వందల వాలెట్ల గుండా, డార్క్ వెబ్ గుండా తిప్పినా ఆ దారి వెంట వెళ్లి, చివరికి ఆ వాలెట్ తాళం ఏ పరికరంలో ఉంది, ఆ పరికరం ఏ ఇంట్లో ఉంది అని కనిపెట్టడమే దర్యాప్తు. ఈడీ చేసిందీ అదే. కోట్ల విలువైన ఆస్తి సరిహద్దులు లేని నెట్‌వర్క్‌లో ఉన్నా, దాని తాళం మాత్రం ఓ మనిషి జేబులోనో బీరువాలోనో ఉంటుంది.

ఈ సంగతి దర్యాప్తు సంస్థలకన్నా ముందు వేరేవాళ్లకు తెలిసింది. బిట్‌కనెక్ట్‌లో డబ్బు పోయిన సూరత్ వ్యాపారి ఒకరు సంస్థ మనుషులను అపహరించి, వాళ్ల దగ్గరున్న క్రిప్టోను, నగదును లాక్కున్నాడని ఈడీ ఆరోపణ. ఆయన్ను 2024 ఆగస్టులో అరెస్టు చేసింది. అదే వ్యాపారి 2018 ఫిబ్రవరిలో తనను పోలీసులే ఎత్తుకెళ్లి బిట్‌కాయిన్లు గుంజుకున్నారని ఫిర్యాదు చేశాడు. ఆ రెండో కేసులో ఓ మాజీ ఎమ్మెల్యే, అమ్రేలీ జిల్లా అప్పటి ఎస్పీ సహా 14 మందికి అహ్మదాబాద్‌లోని ప్రత్యేక కోర్టు 2025 ఆగస్టులో యావజ్జీవ శిక్ష వేసింది. సినిమా కథలా ఉన్నా మనకు పనికొచ్చే అంశం ఒకటుంది. నేరపు సొమ్ము ఆలస్యమైన కొద్దీ చేతులు మారుతుంది, చేతులు మారిన ప్రతిసారీ అసలు బాధితుడికీ ఆ సొమ్ముకీ మధ్య ఇంకో వాటాదారు వచ్చి నిలబడతాడు.

వజ్రాలకైతే గోదాము ఉంటుంది

సూరత్‌కు ఇది మొదటి అనుభవం కాదు. ప్రపంచంలో సానపట్టే వజ్రాల్లో, సంఖ్యలో చూస్తే పదింట తొమ్మిది ఇక్కడివే అంటారు. ముడి రాయి ఆంట్‌వెర్ప్, దుబాయ్‌ల నుంచి వస్తుంది. సానపట్టిన రాయి హాంకాంగ్, న్యూయార్క్‌లకు పోతుంది. సరుకు నడిచే దారి ఏదో, అక్రమ సొమ్ము నడిచే దారీ అదే. గుప్పెట్లో పట్టే వస్తువుకు లక్ష అనీ చెప్పొచ్చు, పది లక్షలనీ చెప్పొచ్చు. అలాంటి సరుకు బిల్లు మీద ఎంతైనా పంపొచ్చు.

నీరవ్ మోదీ సంస్థలకు సూరత్ ప్రత్యేక ఆర్థిక మండలిలో యూనిట్లు ఉండేవి. సుంకం లేకుండా దిగుమతి చేసుకున్న సుమారు 890 కోట్ల రూపాయల వజ్రాలు, ముత్యాలను దేశీయ మార్కెట్‌కు మళ్లించారని, తక్కువ నాణ్యత సరుకును ఎక్కువ విలువ చూపి ఎగుమతి చేశారని రెవెన్యూ ఇంటెలిజెన్స్ డైరెక్టరేట్ 2018లో కేసు పెట్టింది. ఎగవేసిన సుంకం సుమారు 52 కోట్లు అంది. ముంబయిలో పంజాబ్ నేషనల్ బ్యాంక్ బ్రాడీ హౌస్ శాఖ లెటర్స్ ఆఫ్ అండర్‌టేకింగ్ వ్యవహారం పక్కన ఇది చిన్నదే. ఆ కథ మనందరికీ తెలుసు: స్విఫ్ట్ సందేశాలు కోర్ బ్యాంకింగ్‌తో కలిపి లేకపోవడం, 2018 జనవరి 29న బ్యాంకు ఫిర్యాదు, అప్పటికి నాలుగు వారాల ముందే నీరవ్ మోదీ దేశం దాటడం. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టయింది.

ఆ తర్వాత జరిగింది అంతగా తెలియదు. దుబాయ్ నుంచి హాంకాంగ్‌కు చేరిన కొన్ని పార్సిళ్ల గురించి 2018 జూలైలో ఈడీకి సమాచారం అందింది. అక్కడి ఓ లాజిస్టిక్స్ సంస్థ గోదాములో ఉన్న ఆ సరుకు మరో దేశానికి పోకుండా ఆపగలిగారు. ఆపడానికి పట్టింది కొద్ది కాలం. వెనక్కి తేవడానికి పట్టింది దాదాపు రెండేళ్లు. 2020 జూన్‌లో 108 పార్సిళ్లు ముంబయిలో దిగాయి. బరువు 2,340 కిలోలు. సానపట్టిన వజ్రాలు, ముత్యాలు, వెండి నగలు కలిపి విలువ సుమారు 1,350 కోట్ల రూపాయలుగా చూపించారు. వీటిలో 32 పార్సిళ్లు నీరవ్ మోదీ సంస్థలవి, 76 మెహుల్ చోక్సీవి.

వజ్రమైనా క్రిప్టో అయినా ముందు ఆపడం, తర్వాత తేవడం. ఈ రెండూ వేర్వేరు పనులు. ఆపడానికి కావలసింది వేగం. మన ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్ 2007 నుంచి ఎగ్‌మాంట్ గ్రూపులో సభ్యురాలు కాబట్టి ఇతర దేశాల యూనిట్లతో నేరుగా సమాచారం పంచుకోగలదు. తేవడానికి మాత్రం ఆ దేశపు చట్టం ప్రకారం నడవాలి. మన కోర్టు విజ్ఞాపన పత్రం పంపాలి, హోంశాఖ ద్వారా అది వెళ్లాలి, అక్కడి కోర్టు ఇది తమ చట్టంలోనూ నేరమేనా, ఈ ఆస్తికీ ఆ నేరానికీ సంబంధమేమిటి అని అడుగుతుంది. బ్రిటన్‌తో 1992లోనూ, అమెరికాతో 2001లోనూ మనం పరస్పర న్యాయ సహాయ ఒప్పందాలు చేసుకున్నాం. ఒప్పందం ఉంటే తలుపు తట్టే హక్కు ఉంటుంది. తెరిపించడానికి సాక్ష్యం కావాలి.

ఈ ఆలస్యం తెలిసే మన చట్టం ఓ అడ్డదారి పెట్టుకుంది. మనీలాండరింగ్ నిరోధక చట్టంలో 'నేరం ద్వారా వచ్చిన సొమ్ము' అన్న నిర్వచనాన్ని 2015లో సవరించారు. నేరపు ఆస్తి విదేశాలకు తరలిపోతే, అంతే విలువైన ఆస్తిని ఇక్కడ జప్తు చేయొచ్చు. ఫెమా చట్టంలోనూ అదే ఏడాది 37ఏ సెక్షన్ చేర్చి ఇలాంటి వీలే కల్పించారు. 2018లో పరారీ ఆర్థిక నేరగాళ్ల చట్టం వచ్చింది. 100 కోట్లు, ఆపైన విలువైన కేసుల్లో మనిషి రాకపోయినా, శిక్ష పడకపోయినా ఆస్తి స్వాధీనం చేసుకోవచ్చు. నీరవ్ మోదీని 2019 డిసెంబరులో అలా ప్రకటించారు. మరుసటి జూలైలో సుమారు 330 కోట్ల ఆస్తులు స్వాధీనమయ్యాయి. వాటిలో ముంబయి వర్లీలోని ఫ్లాట్లు, అలీబాగ్ బంగళా, జైసల్మేర్‌లో గాలిమర ఉన్నాయి. లండన్, యూఏఈల్లోని ఫ్లాట్లు కూడా ఉన్నాయి.

బ్యాంకులకు నిజంగా చేరిన సొమ్ము చూస్తే ఈ అడ్డదారి విలువ తెలుస్తుంది. 2024 డిసెంబరులో ఆర్థికమంత్రి పార్లమెంటులో చెప్పిన ప్రకారం విజయ్ మాల్యా కేసులో ప్రభుత్వ రంగ బ్యాంకులకు 14,131 కోట్ల రూపాయలు తిరిగొచ్చాయి. నీరవ్ మోదీ కేసులో వచ్చింది 1,052 కోట్లు. అతని వాటా మోసం 6,498 కోట్లని ఈడీ లెక్క. తేడా ఎందుకు? మాల్యా ఎంతకాలం లండన్‌లో ఉన్నా అతని పేరున యునైటెడ్ బ్రూవరీస్ షేర్లు ఇక్కడే ఉన్నాయి. 2021 జూన్ 23న ఒక్కరోజే 5,824 కోట్ల షేర్లు అమ్ముడుపోయాయి. నీరవ్ మోదీ సంపద ఎక్కువగా సరుకు రూపంలో, విదేశీ కంపెనీల పేరుతో ఉంది. అమెరికాలోని అతని సంస్థల దివాలా ప్రక్రియలో పంజాబ్ నేషనల్ బ్యాంక్‌కు తొలి విడతగా 2020లో దక్కింది 32.5 లక్షల డాలర్లు, అంటే 24.33 కోట్ల రూపాయలు. విదేశీ న్యాయవాదుల ఫీజు తెలిసినవాళ్లెవరూ ఈ అంకె చూసి ఆశ్చర్యపోరు.

ఇది నాదే అనడానికి ఏముంది?

మళ్లీ సూరత్ క్రిప్టో దగ్గరికి వద్దాం. బ్యాంకు బాధితురాలైతే దాని దగ్గర లెక్క ఉంటుంది, లాయరు ఉంటాడు. బిట్‌కనెక్ట్‌లో బాధితులు విడి మనుషులు.

మనీలాండరింగ్ నిరోధక చట్టం 8(8) సెక్షన్ కింద, విచారణ సాగుతుండగానే ప్రత్యేక కోర్టు జప్తు ఆస్తిని హక్కుదారుకు తిరిగివ్వొచ్చు. షరతులు మూడు రకాలు. నష్టం లెక్కకు అందేదై ఉండాలి. హక్కుదారు సదుద్దేశంతో, తగిన జాగ్రత్తలన్నీ తీసుకుని కూడా నష్టపోయి ఉండాలి. నేరంలో అతనికి పాత్ర ఉండకూడదు. ఇప్పుడు సూరత్‌లో ఓ ఏజెంటుకు నగదు ఇచ్చి, ఫోన్‌లో వాలెట్ చూసుకుని సంతోషించిన మనిషిని ఊహించండి. రశీదు లేదు. ఏజెంటు ఫోన్ నంబరు మారిపోయింది. బంధువులను చేర్చి కమీషన్ తీసుకుని ఉంటే మూడో షరతు దగ్గర కూడా చిక్కే. అదే మనిషి తన ఖాతా నుంచి ఏదైనా ఎక్స్‌ఛేంజికి ఎన్‌ఈఎఫ్‌టీ చేసి బిట్‌కాయిన్ కొని ఉంటే? కనీసం ఒక గీత దొరుకుతుంది, తేదీతో, మొత్తంతో, యూటీఆర్ నంబరుతో.

ఇంకో సంగతి. 2016 నాటి ఆస్తి పునరుద్ధరణ నియమాల ప్రకారం హక్కుదారులను పిలుస్తూ కోర్టు రెండు దినపత్రికల్లో ప్రకటన వేయించాలి. ఒకటి ఇంగ్లిష్, ఒకటి స్థానిక భాష. అది కూడా ఆస్తి ఉన్న ప్రాంతంలో చదివే పత్రికలు. గుజరాత్‌లో ఆస్తి ఉంటే గుజరాతీ పత్రిక. సూరత్ లింబాయత్, ఉధనా ప్రాంతాల్లో వరంగల్, కరీంనగర్, నల్గొండ వైపు నుంచి వెళ్లిన మన పద్మశాలి కుటుంబాలు తరతరాలుగా మరమగ్గాల మీద బతుకుతున్నాయి. చాలామందికి ఊళ్లో ఖాతా ఒకటి, అక్కడ ఒకటి. ఏ కేసులోనైనా అలాంటి కుటుంబం బాధితురాలైతే, ఊరికి తిరిగొచ్చాక ఆ గుజరాతీ ప్రకటన వాళ్ల కంట పడే అవకాశం ఎంత?

సూరత్ దూరమనిపిస్తే మన దగ్గరే చూడండి. 2025 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయంలో ఫాల్కన్ ఇన్వాయిస్ డిస్కౌంటింగ్ కేసులో ఈడీ ఏకంగా ఓ చిన్న విమానాన్నే స్వాధీనం చేసుకుంది. ప్రధాన నిందితుడు దేశం దాటింది అందులోనేనట.

శాఖలో మన చేతిలో ఉన్నది

పాత కేసు ఒకటి గుర్తుచేస్తాను. 2014 ఏప్రిల్‌లో ఓ ప్రైవేటు బ్యాంకు సూరత్ పోలీసులకు ఫిర్యాదు ఇచ్చింది. వజ్రాల దిగుమతి పేరుతో కొన్ని కంపెనీలు హాంకాంగ్, దుబాయ్‌లకు డబ్బు పంపాయి, అందుకు చూపిన బిల్ ఆఫ్ ఎంట్రీలు నకిలీవని ఆరోపణ. ఈడీ దర్యాప్తులో ఈ వ్యవహారం 5,395 కోట్లుగా తేలింది. 2019 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఈ కేసులో ఓ నిందితుడి సమన్లను పునరుద్ధరించే నాటికి దాదాపు ఐదేళ్లు గడిచాయి. ఆ కాగితం కస్టమ్స్ రికార్డుతో సరిపోల్చడానికి అప్పట్లో ఆన్‌లైన్ ఏర్పాటు లేదు. 2016 అక్టోబరులో రిజర్వు బ్యాంకు ఐడీపీఎంఎస్ తెచ్చాక బిల్ ఆఫ్ ఎంట్రీ వివరాలు కస్టమ్స్ నుంచే నేరుగా మనకు వస్తున్నాయి. ఐడీపీఎంఎస్‌లో పెండింగ్ ఎంట్రీలు చూసి విసుక్కునే సహోద్యోగులు ఈ కేసు ఒకసారి తలచుకోండి. క్రిప్టో ఎక్స్‌ఛేంజీలు కూడా 2023 మార్చి నుంచి ఈ చట్టం పరిధిలోకి వచ్చి, మనలాగే అనుమానాస్పద లావాదేవీల నివేదికలు ఇస్తున్నాయి.

నివేదిక ఇవ్వడం గురించి శిక్షణల్లో చాలానే వింటాం. రికార్డు దాచడం గురించి తక్కువ. చట్టం కోరే కనీస కాలం లావాదేవీ తేదీ నుంచి 5 ఏళ్లు. బిట్‌కనెక్ట్ మూతపడింది 2018 జనవరిలో, పెద్ద జప్తు జరిగింది 2025 ఫిబ్రవరిలో. ఏడేళ్లు దాటింది. కనీస కాలాన్నే గడువుగా పట్టుకుని పాత వోచర్లు, ఖాతా తెరిచిన ఫారాలు తూకానికి వేసిన శాఖలో ఆ ఖాతాదారుకు చూపించడానికి ఏమీ మిగలదు. దర్యాప్తు సంస్థ నుంచి ఒక్క ఉత్తరం వచ్చిన ఖాతా అయినా సరే, గడువు చూసి నాశనం చేసే జాబితాలోంచి దాన్ని తీసి పక్కన పెట్టాలి. ఇది నా అభిప్రాయం మాత్రమే కాదు, ఏ కోర్టు ముందైనా మనల్ని కాపాడేదీ అదే.

ఇక ఎవరైనా 2017 నాటి స్టేట్‌మెంట్ కావాలని వస్తే 'అంత పాతదెందుకమ్మా' అని తిప్పి పంపకండి. ఎందుకో అడగండి. కోర్టుకైతే మామూలు ప్రింటవుట్ సరిపోదు. 1891 నాటి బ్యాంకర్స్ బుక్స్ ఎవిడెన్స్ చట్టం 2ఏ సెక్షన్ కింద ఇద్దరి ధ్రువీకరణలు జతచేయాలి: ఒకటి బ్రాంచి మేనేజరు లేదా ప్రధాన అకౌంటెంటుది, రెండోది కంప్యూటర్ వ్యవస్థ బాధ్యుడిది. సాధారణంగా మొదటిది ఇచ్చేసి రెండోది మరిచిపోతుంటాం.